బండెక్కిన పెరుగు ముంత

పోయిన వారం మనం వేదికను మెట్ల కింద గది ముందు వదిలి వచ్చాం. గది తలుపుకు తాళం. తాళంచెవి అత్తగారు కుముదవల్లి కొంగు ముడిలో. గది లోపల మూడు చక్రాల పాప బండి. ఏడాదిన్నర గోదను ఆ బండిలో కూర్చోబెట్టి, వెనక నుంచి తోస్తూ, రోజూ వెలుతురు రాకముందే అలిపిరి దాకా పరుగెత్తి వచ్చే కోడలు, బుధవారం నాడు కపిలతీర్థం మలుపులో బండి ఎగిరిపడి, బిడ్డ నుదుటి మీద బొప్పితో ఇంటికి వచ్చింది. బొప్పి సాయంత్రానికే అణిగింది. అత్తగారి కోపం మాత్రం అణగలేదు. "నువ్వు పరిగెత్తుకో, వద్దనను. బండి మాత్రం ఈ గడప దాటదు" అని తాళం బిగించి, బండి చేసిచ్చిన చిత్తూరు సుల్తాన్‌కు ఫోను చేసి, శనివారం వచ్చి దాన్ని తీసుకుపొమ్మని చెప్పేసింది. అలిపిరి నుంచి జూపార్కు దాకా జరిగే పెద్ద పరుగు ఆదివారం. బండితో సహా రావచ్చని కమిటీ వాళ్ళు ఒప్పుకున్న పరుగు అది.

ఇవాళ శనివారం.

సుల్తాన్ చిత్తూరులో తొలి బస్సెక్కాడు. పూతలపట్టులో బస్సు ఆగినా టీ చుక్క ముట్టకుండా వచ్చి, పాలవాడు తిరిగే వేళకు గేటు ముందు నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. సైకిళ్ళు బాగుచేయడం, నవారు మంచాలు అల్లడం అతని బతుకుతెరువు. ఈ బండి ఆ రెండు విద్యలకూ పుట్టిన బిడ్డ. పిల్లల సైకిలు చక్రాలు, ఇనుప గొట్టాల చట్రం, మధ్యలో ఉయ్యాల లాగా వేలాడే నవారు కుర్చీ, బిడ్డను బిగించడానికి స్కూలు బ్యాగు పట్టీలు, తోసేవాళ్ళ మణికట్టుకు తగిలించుకునే తాడు. తన చేత్తో చేసిన వస్తువును తనే వెనక్కి మోసుకుపోవడం అతనికి సుతరామూ ఇష్టం లేదు. గేటు తీసి లోపలికి వచ్చినవాడు కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"టీచరమ్మా, నిజ్జంగానే తీసకపొమ్మంటారా?"

"తీసకపోండి సుల్తాన్ భాయ్. మీ పనిలో తప్పు పట్టడం లేదు. మా ఇంట్లో దానికి చోటు లేదు, అంతే."

కుముదవల్లి ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్తుంది. అంతే అని ఆమె అంటే గంట కొట్టినట్టే, ఇక క్లాసు లేదు. భర్త సంపత్కుమార్ దేవస్థానం ఆఫీసులో జీవితమంతా ఫైళ్ళు నడిపి రిటైరైన మనిషి. పెళ్ళాం అంతే అన్నప్పుడు పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకోవడం ఆయనకు అలవాటు. ఇక కొడుకు హృషీకేశ్ శ్రీ సిటీలో రాత్రి డ్యూటీలో ఉన్నాడు. "మీరిద్దరూ ఒక మాట మీదికి రాండి, నాకు ఏదైనా సరే" అని నిన్న ఫోను పెట్టేసిన ధీరుడు అతను.

వేదిక గోదను చంకన వేసుకుని వరండా స్తంభానికి ఆనుకుని ఉంది. అత్తగారి చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్ళడం చూసింది.

ఆ బండి పోతే ఏం పోతుందో వేదికకు బాగా తెలుసు. గోద పుట్టాక కొన్ని నెలలు ఆమెకు నవ్వు రాలేదు. బిడ్డ ఏడిస్తే తనూ ఏడ్చేది. యూనివర్సిటీకి పతకాలు తెచ్చిన కాళ్ళు మంచం దిగడానికి మొండికేశాయి. డాక్టరు పరుగెత్తమంటే ఒకటి రెండు సార్లు వెళ్ళింది. గోదను వదిలి పరుగెత్తితే ప్రాణం ఇంట్లో ఉండేది. పరుగు మాని గోద దగ్గర కూర్చుంటే ప్రాణం రోడ్డు మీద ఉండేది. బండి వచ్చాకే రెండు ప్రాణాలూ ఒక్కచోటికి చేరాయి. ముందు గోద, వెనక తను, ఎదురుగా కొండ. మొదటి రోజు తిరిగి వస్తూ వస్తూ గట్టిగా నవ్వేసింది. బండిలోంచి గోద కూడా నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో ఇద్దరికీ తెలియదు.

"తాళం తీయకండి అత్తయ్యా" అంది వేదిక.

మామగారి పేపరు కిందికి దిగింది.

"బండిది తప్పో నాది తప్పో తేలకుండా పంపించేస్తే ఎట్ల? మీ బళ్ళో పిల్లకాయలకు ఇట్లనే నేర్పిస్తారా?"

"తేలడానికి ఇంకేముండాది? బిడ్డ నుదురు చూస్తివి గదా."

"అదొక్క దినం చూసినారు. మిగతా దినాలు మీరు చూళ్ళేదు. అలిపిరి కాణ్ణించి దిగేటప్పుడు గోద నిద్రపోతా వస్తాది అత్తయ్యా. అంత హాయిగా ఉంటాది దానికి."

"హాయిగా నిద్రపోతాదో, భయానికి కళ్ళు మూసుకుంటాదో ఎవరికి తెలుసు?" కుముదవల్లి గొంతు పెంచలేదు. క్లాసులో కూడా పెంచదు. "సరిగా మాటలు రాని బిడ్డ. 'అమ్మా, కుదుపుతా ఉండాది, ఆపు' అని అది చెప్పగలదా?"

వేదిక చంకలోని గోద తల వైపు చూసింది. నిజమే మరి. రోజూ వెనక నుంచి తోసే తనకు కనిపించేది గోద నడినెత్తి మీది ఉంగరాల జుట్టు మాత్రమే. ఆ జుట్టు సంతోషంగా ఊగుతోందని తనే అనుకుంది. అదొక సాక్ష్యమా?

కుముదవల్లి ఒక్క క్షణం కోడలి మొహంలోకి చూసింది. ఏమనుకుందో, గిరుక్కున తిరిగి వంటింట్లోకి వెళ్ళి, రెండు చేతులతో ఒక మట్టి ముంత పట్టుకుని వచ్చింది. మూతగా కట్టిన తెల్లగుడ్డ విప్పి అందరికీ చూపించింది.

"అది చెప్పలేకపోతే ఇది చెప్తాది."

ముంత నిండా పెరుగు. కుముదవల్లి తోడు పెట్టే పెరుగు ఆ వీధిలో పేరుమోసింది. రోజూ రాత్రి చిన్న చిన్న ముంతల్లో తోడుపెడుతుంది. తెల్లవారి మొదటి ముంత పెరుమాళ్ళ ఆరగింపుకు, మిగిలినవి ఇంట్లోకి. గరిటె వేస్తే పలకగా లేస్తుంది. పైన మీగడ లేత పసుపు రంగులో బిగిసి ఉంటుంది. ఆ ముంతను ఎవరైనా విసురుగా దించితే ఇంట్లో ఆ పూట మాటలుండవు.

"కొంచెం కుదిపినా పలక చెదిరి నీళ్ళు వదిలేస్తాది. దీన్ని గోద కూర్చునే చోట పెట్టు. నంది సర్కిల్ దాకా పరిగెత్తి రా. చెదరకుండా తెస్తివా, రేపు బిడ్డను నా చేత్తో నేనే బండిలో కూర్చోబెడతా. చెదిరిందా, బండి చిత్తూరు పోతాది. మళ్ళా ఈ ఇంట్లో దాని ఊసు ఎత్తకూడదు."

"సరే" అంది వేదిక. అనేసిన తర్వాత భయం వేసింది.

"నడిచినట్టు పోయొస్తే ఒప్పుకోను. రేపు ఎట్ల పరిగెత్తుతావో అట్ల. ఏమండీ, స్కూటరు తీయండి. స్పీడు ముల్లు పన్నెండు మీద పెట్టి ముందు పోతా ఉండండి. నేను వెనక కూర్చుని చూస్తా ఉంటా."

సంపత్కుమార్‌కు ఆ ఇంట్లో ఎవరి మీద ఎంత ప్రేమ ఉందో చెప్పడం కష్టం గానీ స్కూటరు మీద ప్రేమ మాత్రం అందరికీ తెలిసిందే. నామం దిద్దుకున్నంత శ్రద్ధగా దాన్ని తుడుస్తాడు. ఆయన తాళంచెవి తీసేసరికి చంకలోని గోదకు పూనకం వచ్చింది. "తాతా! బుర్ర్!" అంటూ జారి, తప్పటడుగులతో పరుగెత్తి, స్కూటరు ముందు భాగంలో ఎక్కి నిలబడి, అద్దం కాడను రెండు చేతులా పట్టుకుంది. అది దాని చోటు. రోజూ సాయంత్రం అక్కడ నిలబడే తాతతో కపిలతీర్థం దాకా షికారు వెళ్ళి వస్తుంది.

వేదిక ఆ చోటు వైపు చూసింది. మళ్ళీ చూసింది. నెమ్మదిగా ఒక ఆలోచన వచ్చి తలలో కూర్చుంది.

"అత్తయ్యా, ఇంకొక ముంత ఉండాదా?"

"ఎందుకు?"

"గోద సాయంత్రం పూట నిలబడే చోట పెట్టేదానికి."

సుల్తాన్ మీసాల కింద నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

"ఇదేంది మధ్యలో?" సంపత్కుమార్ స్కూటరు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు, ఎవరో దాన్ని ఎత్తుకుపోతున్నట్టు. "నా స్కూటరు ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు మామయ్యా. కానీ దానికి పట్టీ లేదు, కుర్చీ లేదు. మీ మోకాళ్ళే దిక్కు. బండి చెడ్డదని తేల్చాలంటే, దేనికంటే చెడ్డదో కూడా తేల్చాల గదా."

కుముదవల్లిలోని అత్తగారు వద్దంటోంది. ఆమెలోని సైన్సు టీచరు కోడలి వైపు మొగ్గింది. చివరికి టీచరే గెలిచింది.

"న్యాయమే" అని లోపలికి వెళ్ళి రెండో ముంత తెచ్చింది.

కొంగు ముడి విప్పి మెట్ల కింద గది తలుపు తీసింది. బండి బయటికి వచ్చింది. మూడు రోజుల దుమ్ము. వేదిక కొంగుతో... అబ్బే, ఒంటి మీద ఉన్నది ట్రాక్ ప్యాంటు, టీషర్టు. అరచేత్తోనే తుడిచింది. వంగి చక్రాన్ని బొటనవేలితో నొక్కింది. వేలు దిగలేదు. రెండో చక్రం నొక్కింది. అదీ రాయే.

"గాలి ఎవరు కొట్టినారు?"

"నేనేనమ్మా" అన్నాడు సుల్తాన్ గర్వంగా. "మంగళారం సాయంత్రం ఈ దావన వస్తి గదా. చూస్తే చక్రాలు మెత్తగా ఉండె. పక్కింట్లో పంపు అడిగి తెచ్చి గట్టిగా కొట్టినా. గాలి మెత్తగా ఉంటే సైకిల్ షాపోడికి నామర్దా గాదా?"

మంగళవారం సాయంత్రం గాలి కొట్టాడు. బుధవారం తెల్లవారి బండి ఎగిరిపడింది.

వేదిక అక్కడే చతికిలబడింది. బుధవారం నుంచి ఆ మలుపును ఎన్నిసార్లు తలుచుకుందో లెక్క లేదు. వేగం ఎక్కువైందా, కళ్ళు ఎటో చూశాయా, తల్లినై ఉండి బిడ్డను పట్టించుకోలేదా అని తనను తానే తిట్టుకుంది. ఇప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"దాన్ని మెత్తగా పెట్టింది నేనే భాయ్! పెద్దోళ్ళు ఎక్కే సైకిలా ఇది? ఇంత చిన్న బిడ్డ బరువుకు ఇంత గాలి పెడితే చక్రం అణగదు, చిన్న గుంతకే బంతి లాగా ఎగురుతాది."

సుల్తాన్ మొహం మాడిపోయింది. నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క చక్రానికీ పిన్ను వదులు చేశాడు. గాలి బుసకొట్టుకుంటూ పోయింది. గోద అది విని కిలకిలా నవ్వింది. వేదిక మళ్ళీ నొక్కి చూసి చాలు అనేదాకా గాలి వదిలాక, సుల్తాన్ లేచి నిలబడి కుముదవల్లి ముందు చేతులు కట్టుకున్నాడు.

"టీచరమ్మా, బిడ్డ నుదుటి మీద బొప్పి నాది. కోడలుపిల్లది గాదు."

కుముదవల్లి కరగలేదు. "ఆ మాట పెరుగు చెప్పనీ" అంది.

ఒక ముంత నవారు కుర్చీలో కూర్చుంది. చుట్టూ గోద దుప్పటి చుట్టి, పట్టీలు బిగించారు. రెండో ముంత స్కూటరు మీద గోద నిలబడే చోట కూర్చుంది. దానికి దుప్పటి లేదు, గోదకు లేనట్టే. సంపత్కుమార్ మోకాళ్ళతో దాన్ని అటూ ఇటూ కాచుకున్నాడు. వెనక కుముదవల్లి ఒక పక్కకు కూర్చుని, మెడ పూర్తిగా వెనక్కి తిప్పింది. గోద సుల్తాన్ తాత ఒళ్ళోకి ఎక్కింది. అతని గడ్డం దానికి ఇష్టమైన ఆట వస్తువు.

వేదిక తాడును మణికట్టుకు తగిలించుకుంది. పిడి పట్టుకుంది.

"ఊఁ" అంది కుముదవల్లి.

స్కూటరు కదిలింది. బండి కదిలింది. వీధి మలుపు దాటి పెద్ద రోడ్డు ఎక్కేసరికి వేదిక కాళ్ళకు పాత సంగతులన్నీ గుర్తొచ్చాయి. మూడు రోజులు కట్టేసి ఉంచిన కాళ్ళు. అవి ఆమె మాట వినే స్థితిలో లేవు. కొండ మీద మంచు విడిపోతోంది. ఎదురుగాలి మొహానికి చల్లగా తగులుతోంది. అరచేతుల్లో పిడి ఎలా ఉందో చూసుకుంది. బుధవారం అది గజగజ వణికింది. ఇవాళ మెత్తగా, నీళ్ళ మీద పడవ లాగా సాగిపోతోంది. ఒసేయ్ వేదికా, ఇది నీ బండేనే అనుకుంది. ఒళ్ళంతా ఉత్సాహం పొంగింది.

ఆ సమయానికి కపిలతీర్థం రోడ్డు నిండా జనం. తమిళనాడు వైపు నుంచి పసుపు బట్టలు కట్టుకుని నడిచి వస్తున్న ఒక గుంపు ఎదురైంది. వాళ్ళకు కనిపించింది ఏమిటి? ముందు నామం పెట్టుకున్న పెద్దాయన, ఆయన కాళ్ళ మధ్య ఒక ముంత. వెనక వెనక్కి తిరిగి రెప్పవేయకుండా చూస్తున్న ముత్తయిదువ. ఆ వెనక దుప్పటి కప్పుకుని బండిలో ఊరేగుతున్న ఇంకొక ముంత, దాన్ని తోస్తూ చెమటలు కక్కుతూ పరుగెత్తే ఆడమనిషి. ఇంత కష్టమైన మొక్కు వాళ్ళు ఎన్నడూ చూడలేదు. గుంపులో పెద్దావిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"గోవిందా!"

"గోవిందా! గోవిందా!" గుంపంతా దారి వదిలి రోడ్డుకు రెండు పక్కలా నిలబడిపోయింది.

కుముదవల్లికి ఏం చేయాలో తోచలేదు. బండిలోని ముంత మీంచి చూపు తిప్పకుండానే ఒక చేత్తో దండం పెట్టింది. ఆమె పెదవి చివర కొద్దిగా వణకడం వేదిక చూసింది. కోపంతో వణికే పెదవి కాదు అది.

కపిలతీర్థం మలుపు వచ్చింది. బుధవారం నాటి గుంత అక్కడే ఉంది. దాని వెంటనే స్పీడు బ్రేకరు. స్కూటరు రెండింటి మీదా దబ్బున పడి లేచింది. వేదిక పిడిని కొంచెం కిందికి అదిమింది. ముందు చక్రం లేచి, గుంతను దాటి, అవతల ఆనింది. వెనక చక్రాలు మెత్తగా దిగి ఎక్కాయి. నవారు ఒక్కసారి ఊగి సర్దుకుంది. కుముదవల్లి బండి వైపు వంగి చూసింది.

నంది సర్కిల్ చుట్టి వెనక్కి తిరిగారు. ఇప్పుడు దిగుడు. బండి తనే ముందుకు పోతానంటుంది. వేదిక ఒంటిని వెనక్కి వాల్చి, తాడు బిగించి, దాన్ని పట్టి ఉంచింది. స్కూటరు కూడా ఊపు మీద ఉంది. సంపత్కుమార్‌కు వెనక నుంచి వినిపిస్తున్న అడుగుల చప్పుడు మంచి హుషారు పుట్టించింది. పన్నెండు సంగతి మరిచిపోయాడు.

ఎవరూ అనుకోకుండా పక్క సందులోంచి యాత్రికుల జీపు ఒకటి రోడ్డు మీదికి దూసుకొచ్చింది.

"ఏమండీ!" కుముదవల్లి కేక.

స్కూటరు కీచుమంటూ ఆగింది. ఆమె మొగుడి భుజాన్ని పట్టుకుని పడకుండా నిలదొక్కుకుంది. వేదిక మడమలు నేలకు తన్నిపెట్టి, నడుము కిందికి దించి, బండిని తన వైపు లాక్కుంది. బండి ఆమె పొట్టకు తగిలి ఆగింది. జీపు డ్రైవరు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. వేదికకు ఒక్కటే ఆలోచన. గోద ఉండి ఉంటే? గోద ఉండి ఉంటే ఇప్పుడు ఏ చోట నిలబడి ఉండేది?

కుముదవల్లి మొహం చూస్తే ఆమె కూడా అదే ఆలోచిస్తోందని తెలిసిపోయింది.

ఇంటికి చేరాక రెండు ముంతలనూ వరండా గట్టు మీద పక్కపక్కన పెట్టారు. సుల్తాన్ గోదను ఎత్తుకుని వచ్చి నిలబడ్డాడు. కుముదవల్లి ముందు బండి ముంత గుడ్డ విప్పింది.

మీగడ బిగిసి ఉంది. పలక పలకగానే ఉంది. కానీ అంచు దగ్గర సన్నగా ఒక చీలిక. వేదిక వంగి చూసింది. ఇంత దూరం వచ్చి, ఇంత జాగ్రత్తగా తెచ్చి, ఒక్క చీలికకు పోతుందా బండి?

కుముదవల్లి ఆ చీలికను వేలితో తాకి చూసింది. ఆమె ఒక్క మాట అంటే చాలు, అంతా అయిపోతుంది. అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

"ఇది నీది గాదు" అంది. "పొద్దున ఆరగింపుకు ముంత తీసేటప్పుడు నా గరిటె తగిలింది. గుడ్డ కట్టేటప్పుడే చూసినాను. నీ పెరుగు చెదరలేదు."

వేదిక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గెలిచినందుకు కాదు. గెలుపును అత్తగారు తన చేత్తో తెచ్చి ఇచ్చినందుకు.

రెండో ముంత గుడ్డ విప్పారు. అందులో పెరుగు అనే పదార్థం కనిపించలేదు. పైన పచ్చటి నీళ్ళు, నీళ్ళల్లో తేలుతున్న తుంపులు, ముంత అంచు మీద నుంచి బయటికి కారిన చారలు. గోద వంగి అందులో చెయ్యి ముంచి నాకింది.

"ఇంత ఆవాలు కరివేపాకు తాలింపు పెడితే బాగానే ఉంటాది" అన్నాడు సంపత్కుమార్ నీరసంగా. ఎవరూ నవ్వలేదు.

కుముదవల్లి గట్టు మీద కూర్చుండిపోయింది. "రోజూ సాయంత్రం గేటు కాడ నిలబడి నేనే గదండీ టాటా చెప్పి పంపించేది" అంది చిన్నగా. "ఒక్క దినమన్నా నాకు భయం వెయ్యలేదు. అందరు పిల్లలూ అట్లనే నిలబడతారు గదా అనుకున్నాను." గట్టు మీది నుంచి లేచింది. "ఈ పూట నుంచి గోద స్కూటర్ ముందర నిలబడేది లేదు."

సంపత్కుమార్ తల ఊపాడు. ఆయన కూడా ఆ నీళ్ళనే చూస్తున్నాడు.

ఆమె తాళంచెవి తీసి కోడలి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. గోదను సుల్తాన్ దగ్గర నుంచి తీసుకుని, బండిలో కూర్చోబెట్టి, పట్టీలు ఒక్కొక్కటే బిగించి, లాగి చూసి, మళ్ళీ బిగించింది. గోద చప్పట్లు కొట్టింది. వేదికకు ఎగిరి గంతు వేయాలనిపించింది. రేపు! రేపు పెద్ద రోడ్డు మీద, అందరి మధ్యా, ముందు గోద, వెనక తను!

సంపత్కుమార్ ఫోను మోగింది. పరుగు కమిటీ కార్యదర్శి మునిచంద్ర. ఆయన గొంతు ఎప్పుడూ మైకు ముందు ఉన్నట్టే ఉంటుంది. స్పీకరు నొక్కాల్సిన అవసరం లేకపోయినా సంపత్కుమార్ నొక్కాడు.

"సార్, మీ కోడలికి చెప్పండి. రేపు ఆమె రావచ్చు. బండి మాత్రం రాగూడదు. దాని నంబరు తీసేసినాం."

"అదేంది మునిచంద్రా? ఒప్పుకుంటిరి గదా!"

"ఒప్పుకుంటిమి సార్. బిడ్డకు దెబ్బ తగిలింది, బండిని రానీవద్దండి అని మీ ఇంట్లోవాళ్ళే చెప్పినాక మేమెట్ల రానిస్తాం? కమిటీ అంతా అలిపిరి టెంటు కాడ కూర్చోనుండాం. పేర్లు మూసేసి ఇంకాసేపట్లో లేస్తాము."

"మా ఇంట్లోవాళ్ళా? ఎవరు?"

వేదిక మామగారి వైపు చూసింది. ఆయన తెల్లబోయి ఉన్నాడు. హృషీకేశా? అతనికి అంత ధైర్యం ఎక్కడిది?

"నేనే" అంది కుముదవల్లి.

ఆమె తల దించుకోలేదు. కానీ గొంతు ఎప్పటిలా లేదు. "బుధవారం సాయంత్రం ఫోను చేసినాను. నిన్ను ఆపడానికి తాళం ఒక్కటే చాలదనిపించింది."

వేదికకు ఒళ్ళు మండింది. చేతిలో తాళంచెవి ఇంకా వెచ్చగానే ఉంది. తలుపు తెరిచి ఇచ్చిన చేత్తోనే రోడ్డు మూసేసిందన్నమాట! ఏదో అనబోయింది. కానీ అత్తగారి కళ్ళల్లో మొదటిసారి భయం కనిపించింది. కోడలు ఏమంటుందో అన్న భయం.

కుముదవల్లి మొగుడి చేతిలో ఫోను లాక్కుంది.

"మునిచంద్రా, నేనే మాట్లాడతా ఉండా. ఆ మాట వెనక్కి తీసుకుంటా ఉండా. తప్పు బండిది గాదు."

"అట్ల గాదు టీచరమ్మా. మీరు ఫోన్లో వద్దంటే తీసేసి, ఫోన్లో కావాలంటే పెట్టేస్తే మా కమిటీ నవ్వులపాలు గాదా? బండిని తెచ్చి చూపించండి. టెంటు ఎత్తేలోపల వస్తే చూద్దాం." ఫోను ఆగిపోయింది.

సంపత్కుమార్ అప్పటికే స్కూటరు దగ్గరికి పరుగెత్తాడు. "ఎక్కు కుముదా! ముందు మనం పోయి ఆపుదాం, పిల్ల బండి తోసుకొని వస్తాది!"

కుముదవల్లి కదలలేదు. "నేను స్కూటరెక్కి పోయి చెప్తే అది ఇంకో నోటిమాట, అంతే. వద్దన్నది నేను. నేనే తోసుకొని పోవాల. అది వాళ్ళు కళ్ళారా చూడాల."

"నువ్వా? అలిపిరి దాకా ఎక్కుడు!"

ఆమె వినిపించుకోలేదు. చెదరని ముంతను గుడ్డ కట్టి సుల్తాన్ చేతిలో పెట్టింది. "భాయ్, ఇది కమిటీకి చూపించాల, మీరు పట్టుకొని ఆయన వెనక కూర్చోండి. దీన్ని గనక చెదరగొడితే ఇద్దరికీ ఈ పూట అన్నం లేదు."

గూటిలోంచి తన నడక బూట్లు తీసి తొడుక్కుంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపింది. కొంగు నడుముకు చుట్టి బిగించింది. తర్వాత బండి వెనకకు వచ్చి, తాడును మణికట్టుకు తగిలించుకుని, పిడి మీద రెండు చేతులూ వేసింది. బండిలోంచి గోద మెడ సాచి చూసింది. వెనక ఎప్పుడూ ఉండే మొహం కాదు. కళ్ళు ఇంతింత చేసుకుని, "నాన్మా!" అంది ఆశ్చర్యంగా.

కుముదవల్లి పిడి మీద ఒక పక్కకు జరిగి, కోడలికి చోటు ఇచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ చెప్పడమే తప్ప అడగని మనిషి, గేటు వైపు చూస్తూ అడిగింది.

"వేదికా, ఊపిరి ఎట్ల పట్టాల? మొదటి అడుగు ఎట్ల వెయ్యాల? నాకు తెలీదు, నేర్పించు."